మీ ల్యాబ్ స్టాండర్డ్‌కు ఎంత దగ్గర? ఇంట్లోనే టేపు పట్టి తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ల్యాబ్ (ల్యాబ్రడార్) కుక్కపిల్లలు అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తే మొదట వినిపించే మాట "డబుల్ బోన్ సార్, హెవీ హెడ్, ఛాంపియన్ లైన్." ల్యాబ్రడార్ రిట్రీవర్ ఎలా ఉండాలో రాసిపెట్టిన పత్రాలు (వీటినే స్టాండర్డ్ అంటారు) ప్రధానంగా మూడు ఉన్నాయి. మూడింట్లోనూ ఈ డబుల్ బోన్ (రెట్టింపు లావు ఎముక) ఊసే లేదు. పైగా అమెరికన్ కెన్నెల్ క్లబ్ పత్రం ఎముక మరీ సన్నగా ఉండటం ఎంత లోపమో మరీ లావుగా ఉండటమూ అంతే లోపమంటుంది. పొట్టికాళ్లు, బండ ఎముకలు ఈ జాతి లక్షణం కాదని కూడా అందులోనే ఉంది. బ్రిటిష్ పత్రం మొదట్లోనే 'చాలా చురుకైనది' అని రాసి, అతి బరువుకూ అతి బండతనానికీ తావు లేదని పక్కనే బ్రాకెట్ పెట్టి మరీ చెప్పింది. అంటే స్టాండర్డ్ పేరు చెప్పి మనకు అమ్ముతున్నది చాలాసార్లు స్టాండర్డ్ వద్దన్న కుక్కనే.

కింద చెప్పే పద్ధతితో మీ కుక్క ఒంటి కట్టు ఎలా ఉందో, అందులో మీ చేతిలో ఉన్నదేదో లేనిదేదో తెలుస్తుంది. అది అచ్చమైన ల్యాబా కాదా అన్నది మాత్రం దీనితో తేలదు. దానికి వంశవృక్షం పేపర్లు, డీఎన్ఏ పరీక్ష కావాలి. ఎత్తును ఎవరూ మార్చలేరు. బరువు, కండ, గోళ్లు, కాళ్ల కింద ఉన్న నేల మాత్రం మార్చగలం.

మొదటి మెట్టు: ఏ స్టాండర్డ్‌తో కొలవాలి?

ల్యాబ్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం కుక్కలు. జాలర్లతో పాటు పడవెక్కి, గడ్డకట్టే నీళ్లలో దూకి, జారిపోయిన చేపలనూ వలతాళ్లనూ పట్టి తెచ్చేవి. 19వ శతాబ్దంలో బ్రిటన్ జమీందార్లు వాటిని తెప్పించుకుని, వేటలో నేలకూలిన పక్షిని నలగకుండా తెచ్చిచ్చే పనికి తీర్చిదిద్దారు. అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో దీన్ని జాతిగా గుర్తించింది, 1916లో స్టాండర్డ్ తయారైంది. అమెరికాలో 1917లో గుర్తింపు వచ్చింది. స్టాండర్డ్‌లోని ప్రతి వాక్యం వెనకా ఆ చన్నీళ్లు, ఆ పక్షి ఉన్నాయని గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక అంకెలు. బ్రిటన్ స్టాండర్డ్ ప్రకారం మూపు దగ్గర మగకుక్క ఎత్తు 56–57 సెం.మీ., ఆడకుక్క 55–56. ఎఫ్‌సీఐ (మనకు ఆ పేరు వింటే ధాన్యం గోదాములు గుర్తొస్తాయి గానీ, ఇది అంతర్జాతీయ కుక్కల సమాఖ్య) తన 122వ నంబరు స్టాండర్డ్‌లో మగవాటికి అదే 56–57, ఆడవాటికి 54–56 పెట్టింది. అమెరికా లెక్క వేరు. మగవాటికి 57 నుంచి 62, ఆడవాటికి 55 నుంచి 60 దాకా ఒప్పుకుంటుంది. ఆ హద్దును అర అంగుళానికి మించి దాటితే షోలో అనర్హతే. 1994లో ఈ ఎత్తు నిబంధన వచ్చినప్పుడు, పొట్టిరకం ల్యాబ్‌లు పెంచే కొందరు బ్రీడర్లు అక్కడ కోర్టుకు కూడా ఎక్కారు.

బరువు గురించి బ్రిటన్, ఎఫ్‌సీఐ పత్రాలు ఒక్క అంకె కూడా ఇవ్వవు. అమెరికా పత్రం మాత్రం పని చేసే స్థితిలో ఉన్న మగకుక్కకు 29–36 కిలోలు, ఆడకుక్కకు 25–32 కిలోలు అంటుంది.

మన దగ్గర చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఎఫ్‌సీఐకి అనుబంధంగా నడుస్తుంది కాబట్టి ఎత్తుకు ఎఫ్‌సీఐ అంకె, బరువుకు అమెరికా అంకె పెట్టుకోండి. మీ మగకుక్క 60 సెం.మీ. వచ్చిందనుకోండి, లండన్‌లో పొడుగనిపించుకునే ఆ కుక్కే న్యూయార్క్‌లో సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లకు టెన్షన్ పడకండి.

రెండో మెట్టు: కొలతకు సిద్ధం చేయడం

ఏడాదిన్నర నిండని కుక్కను కొలిచి తీర్పులు చెప్పొద్దు. ఎత్తు ఏడాది దాటేసరికి దాదాపు ఆగిపోతుంది గానీ ఛాతీ విచ్చుకుని తల నిండడానికి రెండేళ్లు, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. పది నెలల ల్యాబ్ అన్నీ కాళ్లే అన్నట్టు ఉంటుంది, అది సహజం.

కావలసినవి: దర్జీ టేపు, గట్టి అట్ట ఉన్న పుస్తకం, పెన్సిల్, ఒక ఖాళీ గోడ, సాయానికి ఇంకో మనిషి. పొద్దున్నే వాకింగ్ అయ్యాక, తిండికి ముందు కొలవండి. మన ఫ్లాట్లలో నేలంతా నున్నటి టైల్స్. వాటి మీద కుక్క కాళ్లు పక్కలకు జారి ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టిగా కనిపిస్తుంది. పల్చటి యోగా మ్యాట్ పరిస్తే నిలకడగా నిలబడుతుంది. మెత్తటి బొంత వేస్తే పాదాలు దిగబడి కొలత తప్పుతుంది.

సాయం చేసేవాళ్లు కుక్క ముక్కుకు ఎదురుగా, దాని కంటి ఎత్తులోనే కీరదోస ముక్క పట్టుకోవాలి. పైకెత్తి చూపిస్తే కుక్క మెడ చాచి ముందు భాగం లేపుతుంది, కిందికి దించితే భుజాలు వాలతాయి. ముందుకాళ్లు నిలువుగా, వెనకకాళ్లు మడమ నుంచి పాదం దాకా నేలకు నిటారుగా ఉండాలి. కాళ్లను చేత్తో సర్దే కన్నా, రెండడుగులు నడిపించి తనంతట తాను ఆగనివ్వడం మేలు. సహజంగా నిలబడ్డప్పుడు దొరికేదే నిజమైన కొలత.

మూడో మెట్టు: ఎత్తు, కాలు, పొడవు

మెడ దిగి వీపు మొదలయ్యే చోట వేళ్లతో తడిమితే రెండు భుజపు రెక్కల కొనలు తగులుతాయి. అదే మూపు. పుస్తకాన్ని దాని మీద అడ్డంగా ఆనించి, ఇంకో అంచు గోడకు తాకించి, గీత పెట్టండి. పుస్తకం వాలిందేమో ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో చూసుకోవచ్చు. గీత నుంచి నేలకు కొలవండి. ఒకసారితో సరిపెట్టకండి. కుక్కను కదిలించి మళ్లీ నిలబెట్టి, మూడు కొలతల్లో మధ్యదాన్ని రాసుకోండి. తల మీది నుంచి కొలిచి "మాది మూడడుగులుంది" అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ కొలతకు విలువ లేదు.

తర్వాత మోచేయి నుంచి నేలకు. ఇది మొత్తం ఎత్తులో సగం ఉండాలి. 57 సెం.మీ. కుక్కకు ఇరవై ఎనిమిదిన్నర. ఛాతీ కింది అంచు మోచేతి దాకా దిగాలి. మోచేయి దాటి కిందికి వేలాడుతుంటే రెండింట్లో ఒకటి: కాళ్లైనా పొట్టి, కొవ్వైనా ఎక్కువ. అరచేత్తో ఛాతీ కింద పట్టుకుని చూడండి. మెత్తగా, జున్నులా కదిలితే అది కొవ్వు. ఎముకా కండా అయితే కదలదు. "హెవీ బోన్" అని మురిపించిన కుక్కల్లో సగానికి పైగా ఈ ఒక్క పరీక్ష దగ్గరే రహస్యం బయటపెడతాయని నా నమ్మకం.

పొడవు కొలిచేటప్పుడు ఛాతీ ముందు పొడుచుకొచ్చే భుజపు మొన నుంచి పిరుదు వెనక ఎముక కొన దాకా సూటిగా కొలవాలి. టేపును పొట్ట వంపు మీదుగా తిప్పొద్దు. ఈ పొడవు ఎత్తుతో సమానంగా గానీ కాస్త ఎక్కువగా గానీ ఉండాలి. ఎత్తు కన్నా బాగా ఎక్కువైతే నడుము సాగిందని అర్థం.

నాలుగో మెట్టు: బరువు, ఇక్కడే అసలు కథ

మిగతా కొలతలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటే ఒక ఎత్తు. స్నానాల గది వేయింగ్ మెషీన్ మీద మీరు కుక్కను ఎత్తుకుని నిలబడి చూడండి, తర్వాత మీరొక్కరే నిలబడండి, రెండింటికీ తేడా ఎంతో చూడండి. ఎత్తలేకపోతే ఆ మాటే సగం సమాధానం. దగ్గర్లోని పెట్ క్లినిక్‌లో నేల మీద ఉండే పెద్ద కాటా దొరుకుతుంది.

మా ఎరికలో రెండు కుక్కలున్నాయి. మియాపూర్‌లో బ్రూనో: మగది, 58 సెం.మీ., 43 కిలోలు. సైనిక్‌పురిలో లడ్డూ: ఆడది, 55 సెం.మీ., 27 కిలోలు. బ్రూనోను చూసి అపార్ట్‌మెంట్ అంతా "ఏం బాడీ అన్నా, పులి ఉన్నట్టుంది" అంటారు. లడ్డూను వాకింగ్‌కు తీసుకెళితే "ఏంది మేడం, తిండి పెడ్తలేరా?" అని అడగనివాళ్లు లేరు. పత్రం ముందు పెట్టుకుని చూస్తే తల తిరుగుతుంది: ఎత్తులో ఇద్దరూ స్టాండర్డ్‌కు దగ్గరే, బరువులో లడ్డూ అచ్చుగుద్దినట్టు ఉంది, బ్రూనో మాత్రం పై హద్దుకు ఏడు కిలోలు ఎక్కువ. మనం ఊబకాయాన్ని ఎంతగా అలవాటు చేసుకున్నామంటే, సరైన ల్యాబ్ కళ్ల ముందుకొస్తే దానికి జబ్బేమో అనుకుంటున్నాం.

కాటా అంకెను చేతులతో సరిచూసుకోవాలి. కుక్క వెనక నిలబడి, రెండు బొటనవేళ్లు వెన్ను మీద పెట్టి, మిగతా వేళ్లు పక్కటెముకల మీద పరచండి. అదమకుండా, నిమిరినట్టు ముందుకూ వెనక్కూ జరపండి. ఒక్కో ఎముకా వేలికి విడిగా తగలాలి, పైన పల్చటి పొర ఉన్నట్టుండాలి. పోల్చుకోవడానికి మీ పిడికిలి బిగించి కణుపులు తడమండి, అలా పైకి లేచి తగిలితే కుక్క మరీ సన్నం. చెయ్యి చాచి అరచేయి కిందికి పెట్టి వేళ్ల మొదళ్ల మీద తడమండి, సరైన బరువున్న కుక్క అలా ఉంటుంది. అరచేతిని తిప్పి లోపలి వైపు కణుపుల దగ్గర నొక్కి వెతుక్కోవాల్సి వచ్చినట్టుంటే లావే. బ్రూనో మీద చేతులు వేసినప్పుడు వేళ్లు లోపలికి దిగాయి గానీ ఎముక దొరకలేదు. లడ్డూకు ఎడమ పక్కన లెక్కపెట్టుకోవచ్చు, కానీ కంటికి ఒక్కటీ కనిపించదు.

పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట గీత వెనక్కి వెళ్లేకొద్దీ కొంచెం పైకి లేవాలి. డాక్టర్లు దీన్నే 1 నుంచి 9 దాకా అంకెల్లో వేస్తారు, 4 లేదా 5 మంచిది.

ల్యాబ్‌కు ఆకలి ఎక్కువన్నది నిజమే. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో దీని మూలం ఒకటి పట్టుకున్నారు. పీవోఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లేకపోవడం వల్ల కడుపు నిండిందన్న సంకేతం సరిగా అందదు. దాదాపు నాలుగింట ఒక ల్యాబ్‌లో ఈ మార్పు ఉంది. అలాంటి ఒక్కో కాపీకి సగటున సుమారు రెండు కిలోల బరువు తేడా కనిపించింది. కాబట్టి "అడుగుతోంది కదా, పెట్టాం" అనడం ల్యాబ్ విషయంలో చెల్లదు. దాని కళ్లు ఎప్పుడూ అడుగుతూనే ఉంటాయి.

తగ్గిస్తే ఏం లాభం? 2002లో వెలువడిన ప్యూరినా అధ్యయనంలో 48 ల్యాబ్‌లను జోడీలుగా పెంచారు. జోడీలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు, రెండోవి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్ల అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. దాదాపు రెండేళ్ల ఆయుష్షు! ఏ టానిక్కూ అంత ఇవ్వదు.

తగ్గించే తీరు ఇలా. మొదట ఇంట్లో ఎవరెవరు ఏం పెడుతున్నారో వారం పాటు ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాయించండి. అమ్మమ్మ పెట్టే ఇడ్లీ, వాచ్‌మన్ ఇచ్చే బిస్కెట్, పిల్లలు టేబుల్ కింద జార్చే చపాతీ, అన్నీ. మారీ బిస్కెట్ ఒక్కోటి ఇరవై కేలరీలు దాటుతుంది. రోజుకు పది పడితే రెండు వందలు దాటినట్టే. 30 కిలోలు ఉండాల్సిన కుక్క బరువు తగ్గాలంటే రోజు మొత్తానికి ఇచ్చేది దాదాపు తొమ్మిది వందల కేలరీలే. బిస్కెట్ స్థానంలో కీరా, ఉడికించిన బీన్స్, క్యారెట్ ముక్కలు పెట్టండి. పెరుగన్నం, చికెన్ అన్నం పెట్టే ఇళ్లలో అన్నాన్ని కప్పుతో కొలవండి, "కాస్త" అన్న కొలత వద్దు. డ్రై ఫుడ్ అయితే సంచి మీది పట్టికలో ఇప్పటి బరువుకు కాకుండా చేరాల్సిన బరువుకు ఎంతో చూసి, దాన్ని కిచెన్ కాటాలో తూచండి. బిర్యానీ మిగిలిందని పెట్టడం మాత్రం పూర్తిగా బంద్, అందులో ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది.

వారానికి ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం తగ్గితే చాలు. తిండి నిజంగానే తగ్గించినా బరువు దిగకపోతే, కుక్క మందకొడిగా, వెంట్రుకలు పల్చగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. అటువైపు, కుక్క స్టాండర్డ్ కన్నా బాగా తక్కువ తూగుతుంటే ముందు నులిపురుగులు, ఆ తర్వాత టిక్ ఫీవర్ కోసం రక్తపరీక్ష. మన ఊళ్లో పిడుదుల బెడద ఏడాది పొడవునా ఉంటుంది.

ఐదో మెట్టు: తల, కళ్లు, చెవులు, పళ్లు

ఇక్కడ త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే ఇంట్లో పెరిగే కుక్కకు వీటివల్ల పెద్ద తేడా రాదు. పుర్రె వెడల్పుగా, కళ్ల మధ్య నుదుటి నుంచి ముక్కుకు దిగే వంపు మోస్తరుగా ఉండాలి. చెవి లాగి ముందుకు చాపితే కంటి లోపలి మూల దాకా రావాలి. అది దాటి ముక్కు మీదికి వస్తే చెవులు పెద్దవి. కళ్లు గోధుమ రంగు, చూపు సౌమ్యంగా. పై పళ్లు కింది పళ్లను కత్తెరలా ఆనుకుని మూయాలి. పెద్ద కుక్కకు 42 పళ్లుండాలి. పెదవి ఎత్తి లెక్కపెట్టేటప్పుడు పక్క పళ్లు మర్చిపోకండి. చిగుళ్ల అంచున పసుపు గార కట్టి ఉంటే స్టాండర్డ్ సంగతి తర్వాత, ముందు పళ్లు శుభ్రం చేయించండి.

ఆరో మెట్టు: బొచ్చు, తోక

వీపు మీద బొచ్చును వేళ్లతో ఎదురు దిశలో విడదీయండి. పైన కాస్త గరుకుగా, పొట్టిగా ఉండే వెంట్రుక, దాని అడుగున మెత్తటి దట్టమైన లోపలి పొర కనిపించాలి. ఓ మగ్గు నీళ్లు వీపు మీద పోసి చూడండి. మంచి బొచ్చు మీద నీళ్లు కాసేపు పూసల్లా నిలిచి జారిపోతాయి, చర్మం వెంటనే తడవదు. వేడి ఊళ్లో పెరిగిన కుక్కల్లో లోపలి పొర పల్చగా ఉంటుంది, దాన్ని లోపమని లెక్కేయకండి. పట్టులాంటి పొడవాటి వెంట్రుకలు, కాళ్ల వెనకా తోక కిందా కుచ్చులు ఉంటే మాత్రం గోల్డెన్ రిట్రీవర్ లాంటి రక్తం ఎక్కడో కలిసి ఉండొచ్చు.

తోక ఈ జాతికి ముద్రలాంటిది. మొదట్లో లావుగా, కొనకు సన్నబడుతూ, చుట్టూ పొట్టి దట్టమైన బొచ్చుతో నీటికుక్క (ఓటర్ అనే నీటి జంతువు) తోకలా ఉండాలి. ఈతలో చుక్కాని పని దానిదే. వీపు మీదికి చుట్టుకోకూడదు, కిందికి దించితే వెనక మడమ కీలు దాటకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో "వేడి కదా" అని ల్యాబ్‌కు గుండు చేయించేవాళ్లు ఎక్కువయ్యారు. వద్దు. ఆ రెండు పొరలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుకుంటాయి, గొరిగితే మళ్లీ సమంగా రాకపోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు బ్రష్ చేసి ఊడిన లోపలి బొచ్చు తీసేస్తే గాలి ఆడుతుంది. వాకింగ్ సూర్యుడు పైకెక్కక ముందే ముగించండి.

ఏడో మెట్టు: రంగు

స్టాండర్డ్‌లో రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. మనవాళ్లు ఫాన్ కలర్ అనేది, వైట్ ల్యాబ్ అనేది, నక్క ఎరుపు అనేది, అన్నీ పసుపు కిందికే వస్తాయి. లేత మీగడ రంగు నుంచి ముదురు ఎరుపు దాకా ఒకటే ఖాతా. రికార్డుల్లోకి ఎక్కిన మొదటి పసుపు ల్యాబ్ పుట్టింది 1899లో, పేరు బెన్ ఆఫ్ హైడ్. ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చ ఉన్నా పర్వాలేదు.

సిల్వర్, చార్‌కోల్, షాంపేన్ పేర్లతో అమ్మేవి రంగును పలచన చేసే జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన కుక్కలు. స్టాండర్డ్‌లో వాటికి స్థానం లేదు. కొన్నిటికి ఆ జన్యువు వల్లే జుట్టు రాలే చర్మవ్యాధి వస్తుంది. అరుదైన రంగని రెట్టింపు ధర చెబితే, లోపానికి ఎదురు డబ్బు కట్టడమే.

ముక్కు, కనురెప్పల అంచులు చూడండి. నల్లదానికీ పసుపుదానికీ నలుపు, చాక్లెట్‌కు గోధుమ. పసుపు కుక్కల ముక్కు వయసుతోనో కాలంతోనో కాస్త వెలిసిపోవడం మామూలే. అసలు రంగే లేని పూర్తి గులాబీ ముక్కును మాత్రం అమెరికా పత్రం అనర్హత అంటుంది. అలాంటి కుక్కను షోకు తీసుకెళ్లలేరు, సోఫా మీదికి ఎక్కించుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు: నడక

నిలబెట్టి కొలిచిన కుక్కను ఇప్పుడు నడిపించాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, కొండాపూర్ డాగ్ పార్క్‌లోనో గట్టి, జారని చోటు ఎంచుకోండి. లీష్ వదులుగా పట్టి, సాయం చేసేవాళ్లు కుక్కను చిన్న పరుగుతో ముందుకూ వెనక్కూ తీసుకెళుతుంటే మీరు నేల మీద కూర్చుని ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ఎదురుగా వస్తున్నప్పుడు ఒకసారి, దూరమవుతున్నప్పుడు ఒకసారి, పక్కనుంచి ఒకసారి.

ఎదురుగా చూస్తే మోచేతులు బయటికి విసరకూడదు, పాదాలు ఒకదాన్నొకటి దాటకూడదు. వెనకనుంచి చూస్తే మడమ కీళ్లు లోపలికి వంగి రాసుకోకూడదు. పక్కనుంచి చూస్తే వీపు గీత ఊగకుండా, వెనకకాలు బలంగా తోస్తున్నట్టుండాలి. వీడియోలో వెనకకాళ్లు రెండూ కలిసి కుందేలులా గెంతుతుంటే, లేచేటప్పుడు ముందుకాళ్లతో లాక్కుంటుంటే తుంటి కీలు అనుమానించాల్సిందే.

తుంటి కీలు లోపం ల్యాబ్‌లలో బాగా కనిపించే జబ్బు. ఎక్స్‌రే లేకుండా ఎవరూ తేల్చలేరు, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా సరే. మత్తు ఇచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనకకాళ్లు చాపి తీస్తారు. బ్రిటన్ పద్ధతిలో రెండు తుంటిలకూ కలిపి 0 నుంచి 106 మార్కులు, తక్కువుంటే మంచిది. నగరంలో పెద్ద పెట్ ఆస్పత్రులతో పాటు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో కూడా ఆరా తీయవచ్చు.

పుట్టుకతో వచ్చేది కొంతైతే, మనం కలిపేది కొంత. గ్రానైట్ నేల మీద రోజంతా జారుతూ బాల్ వెంట పరిగెత్తే పిల్ల కీళ్లు పాడవుతాయి. కుక్క తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు పరవండి. మూడు నెలల లోపు పిల్లను మెట్లు ఎక్కించి దించొద్దు, ఎత్తుకోండి. గోళ్లు నేల మీద టకటకమంటే అవి పొడుగైనట్టే. పొడుగు గోళ్లు పాదాన్ని వెనక్కి తోసి నడకనే మార్చేస్తాయి.

తొమ్మిదో మెట్టు: స్వభావం

స్టాండర్డ్‌లో దీనికి ప్రత్యేకంగా చోటుంది. మంచి స్వభావం, తెలివి, నేర్చుకోవాలన్న ఆసక్తి, యజమానిని మెప్పించాలన్న తపన ఉండాలి. దూకుడు గానీ అతి భయం గానీ ఉండకూడదు. పెద్దవయసు కుక్క మనుషుల మీదా తోటి జంతువుల మీదా తిరగబడితే అమెరికా పత్రం కఠినంగా మార్కులు కోయమంటుంది. "మావాడు ఎవరినీ లోపలికి రానివ్వడు" అని గర్వంగా చెప్పేది ల్యాబ్ విషయంలో లోపం కిందికే వస్తుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. కుక్క తన పనిలో ఉన్నప్పుడు కొంత దూరంలో స్టీలు ప్లేటు కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, ఎంతసేపట్లో తేరుకుని ఆ ప్లేటు దగ్గరికి వచ్చి వాసన చూస్తుందో గమనించండి. దీపావళి టపాసులకు మంచం కింద దూరితే దాని స్వభావం చెడ్డదని అనుకోకండి, ఆ మోత వేరు. తర్వాత ఒక మెత్తటి బొమ్మ విసరండి. తెచ్చి ఇస్తుందా, తెచ్చి ఇవ్వకుండా ఆడిస్తుందా, అసలు పట్టించుకోదా? ఇచ్చినప్పుడు బొమ్మ మీద పళ్ల గుర్తులు చూడండి. పక్షిని నలపకుండా తేవడానికి తీర్చిదిద్దిన నోరు ఇది. ల్యాబ్‌లను పోలీసులు వాసన పట్టే పనికి ఎంచుకోవడానికీ, మొయినాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో తయారయ్యే జాగిలాల్లో అవి ఉండటానికీ కారణం ఈ నేర్చుకునే గుణమే. ఎముక మందం చూసి ఎవరూ ఎంచుకోరు.

పదో మెట్టు: కాగితం మీద పెట్టడం, పిల్లను ఎంచుకోవడం

ఒక పేజీలో తేదీ, ఎత్తు, మోచేతి ఎత్తు, పొడవు, బరువు, పక్కటెముకల స్పర్శ, నడకలో చూసింది రాయండి. పక్కన రెండే గడులు: మార్చగలిగేది, మార్చలేనిది. మార్చలేని గడిని ఒకసారి చదివి వదిలేయండి. మార్చగలిగే గడిలోవి నెలకోసారి తిరగేసి, బరువును రెండు వారాలకోసారి చూసుకోండి.

కొత్తగా పిల్లను తెచ్చుకునేవాళ్లకు ఇదే పద్ధతి ఇంకోలా పనికొస్తుంది. పిల్లను కొలిచి లాభం లేదు, తల్లిని కొలవాలి. కుదిరితే తండ్రిని కూడా. తల్లి మూపు ఎత్తు, మోచేయి, నడక, ప్లేటు పడినప్పటి తీరు చూస్తే పిల్ల ఎటు వెళ్తుందో చాలావరకు తెలిసిపోతుంది. రంగుతో చిన్న తనిఖీ కూడా చేయవచ్చు. తల్లీతండ్రీ ఇద్దరూ ఫాన్ అయితే పిల్లలన్నీ ఫానే పుట్టాలి, నల్లపిల్ల ఉందంటే చూపించిన తండ్రి వేరు, అసలు తండ్రి వేరు. ఇద్దరూ చాక్లెట్ అయినా నల్లది పుట్టదు. నల్లవాళ్లిద్దరికి మాత్రం మూడు రంగులూ పుట్టొచ్చు.

కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్ ఉంటే దాని మీది మైక్రోచిప్ నంబరు కుక్క మెడ దగ్గర స్కానర్ పెట్టినప్పుడు వచ్చే నంబరుతో కలవాలి. పేపర్ వంశాన్ని చెబుతుంది, తుంటి కీళ్లను చెప్పదు. అందుకని తల్లిదండ్రుల ఎక్స్‌రే రిపోర్టు విడిగా అడగండి. కంటిచూపు క్రమంగా పోయే పీఆర్ఏ, పరిగెత్తాక కూలబడిపోయే ఈఐసీ, వీటి డీఎన్ఏ పరీక్షల కాగితాలు కూడా అడగండి. "అవన్నీ ఫారిన్‌లో సార్" అన్న జవాబు వస్తే ధర కూడా ఫారిన్ ధర కాకూడదని గుర్తుచేయండి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, ఆడకుక్కను ఏడాదికి ఒక ఈతకు మించి ఈనించకూడదు. ముప్పై రోజుల పిల్లను చేతిలో పెట్టి "ఇప్పుడైతేనే బాగా అలవాటవుతుంది" అనేవాళ్లు, తల్లి ఊళ్లో లేదనేవాళ్లు, పార్కింగ్ దగ్గరికి పిల్లను తెచ్చిస్తామనేవాళ్లు ఎదురైతే అడ్వాన్స్ ఇవ్వకండి.